మంచు దారిలో బండి నడపడం: దూరాన ఉన్న మనవారు తెలుసుకోవలసిన జాగ్రత్తలు

హోసూరు, కృష్ణగిరి, బాగేపల్లి ప్రాంతాల తెలుగువారికి 44వ నంబరు జాతీయ రహదారి ఇంటి వాకిలి వంటిది. పెద్దలు ఇప్పటికీ దానిని ఏడో నంబరు రోడ్డనే వ్యవహరిస్తారు. 2010లో జాతీయ రహదారుల సంఖ్యలు మార్చకముందు దాని పేరు అదే. ఆ రోడ్డు దక్షిణాన కన్యాకుమారిలో ముగుస్తుందని అందరికీ తెలుసు. ఉత్తరాన అది శ్రీనగర్ నుండి బయలుదేరుతుందన్న సంగతి మాత్రం లారీ నడిపేవారికి తప్ప ఎక్కువమందికి తట్టదు. మన ఊరి పక్కన మండుటెండకు కరిగి చెప్పులకు అంటుకునే ఆ తారురోడ్డే, ఆ చివర బనిహాల్ ప్రాంతంలో పుష్య మాఘ మాసాలలో హిమం కింద మునిగి ఉంటుంది.

ఆ చివరకు మనవారు వెళుతున్నారు. ఆపిల్ పండ్ల లోడు కోసం వెళ్ళే లారీవారు ఉన్నారు. సైన్యంలో ఉద్యోగం చేసేవారు ఉన్నారు. సెలవులలో మనాలి చూడబోయే కుటుంబాలు ఉన్నాయి. వీరికి తోడు చదువుకో, ఉద్యోగానికో అమెరికా, కెనడాలకు వెళ్ళి, మొదటి సంవత్సరమే పాత కారొకటి కొనుక్కునే మన పిల్లలు ఉన్నారు. వీరిలో చాలామంది బండి నేర్చుకున్నది మంచు ఎరుగని నేల మీద. బయలుదేరేనాడు ఆవకాయ జాడీ, కందిపొడి పొట్లాలు శ్రద్ధగా సర్దిపెడతాము. మంచుపడిన రోడ్డు మీద బ్రేకు ఎలా పనిచేస్తుందో మాత్రం చెప్పము. మనకే తెలియదు గనుక. ఆ లోటు తీర్చడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మంచు అనేది ఒక్కటి కాదు

మన భాషలో ‘మంచు’ అన్న ఒక్క మాటతోనే మూడు వేర్వేరు వస్తువులను పిలుస్తాము. మొదటిది పొగమంచు. సాలూరు నుండి సుంకి మీదుగా కొరాపుట్ ఎక్కే ఘాట్ రోడ్డులో, శీతాకాలపు తెల్లవారుజామున, బండి ముందు తెల్లని తెర కట్టినట్లు నిలిచేది ఇదే. ఇది కంటికి అడ్డమే గాని చక్రానికి అడ్డం కాదు. దీనికి మందు వేగం తగ్గించడం, హెడ్‌లైట్లు డిమ్‌లో ఉంచడం. హై బీమ్ వేస్తే వెలుగు నీటి తుంపరలకు తగిలి మన కళ్ళలోకే తిరిగివస్తుంది.

రెండవది కురిసే హిమం. దూది పింజల వలె రాలి రోడ్డు మీద పేరుకొంటుంది. కొత్తగా పడ్డ హిమంలో చక్రం కొంత పట్టు దొరికించుకోగలదు; బండ్లు తొక్కితొక్కి గట్టిపడిన హిమం మీద ఆ పట్టు బాగా తగ్గిపోతుంది.

మూడవది గడ్డకట్టిన నీటి పొర. మూడింటిలో అత్యంత ప్రమాదకరమైనది ఇదే. పగలు కరిగిన హిమపు నీరు గాని, సన్నని వాన గాని రోడ్డు మీద పలుచగా పరచుకుని రాత్రి చలికి గడ్డకడుతుంది. ఆ పొర గాజు వలె పారదర్శకంగా ఉండడంతో కింది తారు నలుపే కనబడుతుంది. అందుచేతనే దానిని నల్లమంచు అంటారు. చూసేవారికి అది కాస్త తడిసిన రోడ్డులా ఉంటుంది, అంతే.

మరొక విశేషం గమనార్హం. చలి ఎంత పెరిగితే అంత జారుడు అనుకోవడం పొరపాటు. మంచుగడ్డ పైభాగాన అతి పలుచని నీటి పొర ఉండడమే జారుడుకు ప్రధాన కారణం. ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దరిదాపుల్లో ఉన్నప్పుడే ఆ పొర ఎక్కువగా ఉంటుంది. కనుక మైనస్ 20 డిగ్రీల గడ్డుచలి కంటె, ‘ఇవాళ చలి కాస్త తగ్గింది’ అనిపించే రోజునే రోడ్డు ఎక్కువ మోసం చేస్తుంది.

ఆగే దూరం లెక్క

ఈ విషయంలో అన్నిటికంటె ముందు తెలుసుకోవలసినది ఒక చిన్న లెక్క. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు పొడి తారురోడ్డు మీద బ్రేకు పట్టిన తరువాత సుమారు 14 మీటర్లలో ఆగుతుంది. గట్టిపడిన హిమం మీద అదే కారు ఆగడానికి సుమారు 50 మీటర్లు పడుతుంది. గడ్డకట్టిన నీటి పొర మీద దాదాపు 100 మీటర్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి కూడా పోతుంది. ఇది బ్రేకు పట్టిన తరువాతి దూరం మాత్రమే. ప్రమాదాన్ని చూసి కాలు బ్రేకు మీదికి వెళ్ళే ఒక్క సెకనులోనే బండి మరో 14 మీటర్లు దాటిపోతుందన్నది మరువరాదు.

ఇందులోనే మన రక్షణ కూడా ఉన్నది. వేగాన్ని సగానికి తగ్గిస్తే ఆగే దూరం సగం కాదు, నాలుగోవంతు అవుతుంది. 50కి బదులు 25లో పోతే 100 మీటర్లు 25 మీటర్లకు దిగుతాయి. మంచు దారిలో వేగం తగ్గించడానికి మించిన పరికరం ఏ కంపెనీ బండిలోనూ లేదు.

నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే బండి ఉన్నదన్న ధీమా చాలామందిని ముంచుతుంది. అది బండి కదలడానికి, ఎత్తు ఎక్కడానికి సాయపడుతుంది. ఆగే సమయంలో దాని వలన ఒరిగేదేమీ లేదు. బ్రేకులు అన్ని బండ్లకూ నాలుగు చక్రాలకే ఉంటాయి గదా!

వంతెన దగ్గర జాగ్రత్త

రోడ్డు అంతటా ఒకేసారి గడ్డకట్టదు. మామూలు రోడ్డుకు కింద భూమి ఉంటుంది. పగలు దాచుకున్న వేడిని అది రాత్రి నెమ్మదిగా విడుస్తుంది. వంతెనకు, ఫ్లైఓవరుకు కింద కూడా చలిగాలే. రెండు వైపుల నుండీ చల్లబడి అవి ముందుగా గడ్డకడతాయి. కనుక వెనుకటి రోడ్డు పొడిగా ఉన్నంత మాత్రాన ముందున్న వంతెనను నమ్మరాదు.

దీనికి ఒక విషాద నిదర్శనం అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఉన్నది. డల్లాస్, ఫోర్ట్‌వర్త్ ప్రాంతం మనవారు వేల సంఖ్యలో స్థిరపడిన చోటు. ఎండకు పేరుపడిన నేల. 2021 ఫిబ్రవరి 11 తెల్లవారుజామున ఫోర్ట్‌వర్త్ దగ్గర ఎత్తైన రహదారి భాగం మీద పడిన సన్నని వాన గడ్డకట్టింది. ఒక బండిని ఒకటి గుద్దుకుంటూ 130కి పైగా వాహనాలు కుప్పపడ్డాయి. 6 గురు మరణించారు. ‘మా ఊళ్ళో మంచు పడదు’ అన్న భరోసా ఎంత బలహీనమో ఈ ఘటన చెబుతుంది. మంచుకు అలవాటుపడిన ఊళ్ళలో ఉప్పు చల్లే బండ్లు, తగిన టైర్లు సిద్ధంగా ఉంటాయి; అలవాటు లేని ఊళ్ళలో కొద్దిపాటి మంచు కూడా ప్రాణాంతకమవుతుంది.

వంతెనతో పాటు కొండ నీడ పడే మలుపులు, చెట్ల నీడ ఉన్న చోట్లు, సొరంగాల ముఖద్వారాలు కూడా ఇటువంటివే. హిమాచల్‌లోని అటల్ సొరంగం 2020 అక్టోబరులో ప్రారంభమైంది. పొడవు 9 కిలోమీటర్లు. బనిహాల్, ఖాజీగుండ్ మధ్య సొరంగం పొడవు సుమారు 8.5 కిలోమీటర్లు. లోపల పొడి రోడ్డు మీద వేగానికి అలవాటుపడిన డ్రైవరు బయటపడగానే గడ్డకట్టిన రోడ్డు ఎదురుకావచ్చు. వెలుతురు కనబడుతుండగానే, సొరంగం లోపలే వేగం తగ్గించుకోవడం క్షేమం.

ఉప్పు చల్లిన రోడ్డంతా నిర్భయమని కూడా తలచరాదు. ఉప్పు కలిసిన నీరు సున్నా డిగ్రీల వద్ద గడ్డకట్టదు. అందుకే ఉప్పు చల్లుతారు. కాని చలి మైనస్ 9 డిగ్రీలకు దిగువకు పోయేసరికి మామూలు ఉప్పు పని బాగా మందగిస్తుంది.

బయలుదేరక ముందు

టైరు సంగతి మొదట చూడాలి. మామూలు టైరులోని రబ్బరు 7 డిగ్రీల లోపు చలికి బిరుసెక్కి పట్టు కోల్పోతుంది. శీతాకాలపు టైర్లను చలిలోనూ మెత్తగా ఉండే రబ్బరుతో చేస్తారు. మూడు శిఖరాల కొండ, దాని మధ్య హిమపు రేకు ఉన్న గుర్తు టైరు పక్కన ఉంటే అది హిమానికి తగినదని అర్థం. కెనడాలోని క్యుబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుండి మార్చి 15 వరకు అటువంటి టైర్లు చట్టరీత్యా తప్పనిసరి. వేస్తే నాలుగు చక్రాలకూ వేయించాలి. రెండింటికే వేస్తే మలుపులో బండి తిరగబడినట్లు తిరుగుతుంది. చలికి టైరులో గాలి ఒత్తిడి కూడా తగ్గుతుంది కనుక నెలకొకసారైనా కొలిపించాలి.

బ్యాటరీ శక్తి చలిలో క్షీణిస్తుంది. మన ఎండల్లో నెట్టుకొచ్చే పాత బ్యాటరీ అక్కడి మొదటి చలి ఉదయానే మొండికేస్తుంది. రేడియేటరులో మంచినీరు ఒక్కటే పోస్తే గడ్డకట్టి ఇంజనునే చీల్చగలదు. చలిని తట్టుకునే కూలెంటు తగిన పాళ్ళలో ఉండాలి. అద్దం కడిగే నీటికీ ఇదే నియమం.

అద్దం మీది మంచును గీకివేయాలి. వేడినీళ్ళు పోస్తే అద్దం పగులుతుంది. ముందు అద్దంలో జానెడు మేర తుడిచి, ఆ కంతలో నుండి చూస్తూ బయలుదేరడం ఆత్మహత్యాసదృశం. అన్ని అద్దాలు, లైట్లు, బండి పైకప్పు కూడా శుభ్రం చేయాలి. పైకప్పు మీది హిమం బ్రేకు పట్టగానే ముందు అద్దం మీదికి జారి చూపును మూసివేస్తుంది.

బండిలో ఒక కంబళి, చిన్న పార, టార్చిలైటు, కొంచెం ఇసుక, తాగునీరు, తినడానికి ఏదైనా, ఫోను ఛార్జరు ఉంచుకోవాలి. ఆయిలు సగానికి తగ్గకుండా చూసుకోవాలి.

నడిపే వేళ, జారిన వేళ

మంచు రోడ్డు మీద ఏ పనైనా మెల్లగా చేయాలి. యాక్సిలరేటరు, బ్రేకు, స్టీరింగు, ఈ మూడింటిలో దేనినీ కుదుపుతో వాడరాదు. ఒకేసారి రెండు పనులు చేయరాదు: మలుపుకు ముందే, తిన్నని రోడ్డు మీదనే వేగం తగ్గించుకొని, తరువాత స్టీరింగు తిప్పాలి. ముందు బండికి 8 నుండి 10 సెకన్ల దూరం వదలాలి. ముందు బండి ఒక స్తంభాన్ని దాటినప్పటి నుండి అంకెలు లెక్కపెడితే ఆ దూరం తెలిసిపోతుంది. వేగాన్ని తనంతట తానే నిలిపే క్రూయిజ్ కంట్రోలును ఇటువంటి రోడ్డు మీద వాడరాదు. దిగుడులో తక్కువ గేరు వేసుకొని ఇంజను పట్టుతో దిగాలి. న్యూట్రల్‌లో దిగడం ఎక్కడా మంచిది కాదు, మంచులో అసలే కాదు.

ఎంత జాగ్రత్తగా ఉన్నా బండి జారవచ్చు. అప్పుడు సహజంగా కాలు బ్రేకును బలంగా తొక్కుతుంది. ఆ సహజమే శత్రువు. కాలును యాక్సిలరేటరు మీద నుండి తీసివేయాలి. చూపును గుద్దుకోబోయే వస్తువు మీద కాక, పోవలసిన దారి మీద నిలపాలి. చేతులు చూపును అనుసరిస్తాయి. స్టీరింగును అటే మెల్లగా తిప్పి, చక్రానికి పట్టు దొరికే దాకా ఓపిక పట్టాలి. తప్పనిసరిగా ఆపవలసి వస్తే, ఏబీఎస్ ఉన్న బండిలో బ్రేకును గట్టిగా తొక్కి అలాగే పట్టి ఉంచాలి. పెడలు కాలి కింద గడగడలాడుతుంది. అది చెడిపోయిన గుర్తు కాదు, పనిచేస్తున్న గుర్తు. ఏబీఎస్ లేని పాత బండిలో చక్రాలు బిగిసిపోకుండా విడిచి విడిచి మెల్లగా తొక్కాలి.

లారీవారికి ప్రత్యేకంగా

డీజిలులో ఉండే మైనం గడ్డుచలికి గట్టిపడి ఫిల్టరును మూసివేస్తుంది. లడఖ్ వంటి చోట్ల కోసం మైనస్ 33 డిగ్రీల దాకా గడ్డకట్టని శీతాకాలపు డీజిలును ఇండియన్ ఆయిల్ సంస్థ 2019 నవంబరులో ప్రవేశపెట్టింది. కింద మైదానంలో ట్యాంకు నిండా పట్టుకొని పైకి వెళ్ళేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. గడ్డకట్టిన డీజిలును కరిగించడానికి ట్యాంకు కింద మంట పెట్టడం మాత్రం ప్రాణాలతో చెలగాటం.

ఎయిర్ బ్రేకు ట్యాంకులో చేరే నీరు గడ్డకడితే బ్రేకే పనిచేయదు. ప్రతిదినం ఆ నీటిని వదలాలి. రాత్రి బండి నిలిపినప్పుడు హ్యాండ్ బ్రేకు గడ్డకట్టి బిగిసిపోవచ్చు కనుక గేరులో ఉంచి, చక్రాలకు దిమ్మలు అడ్డం పెట్టడం మేలు. చక్రాలకు వేసే ఇనుప గొలుసులు వెంట ఉండాలి. వాటిని బండిని లాగే చక్రాలకు వేయాలి. హిమంలో చేతులు కొంకర్లు పోతుండగా నేర్చుకునే బదులు, ఇంటి దగ్గరే ఒకటి రెండు సార్లు వేసి తీసి చూసుకోవాలి.

అన్నిటికంటె ముఖ్యమైనది కుంపటి. మూసిన క్యాబినులో బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకున్నవారు తెల్లవారి లేవకపోవడం ఉత్తరాది చలిలో వింత కాదు. బొగ్గు నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మగత వచ్చేసరికే లేచి తలుపు తీసే శక్తి పోతుంది. డ్రైవరు, క్లీనరు ఇద్దరూ ఈ ఒక్క మాట మరువరాదు.

దారిలో చిక్కుకుపోతే

2022 జనవరి మొదటి వారంలో రెండు దేశాలలో రెండు ఘటనలు జరిగాయి. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో హిమపాతం వలన వందలాది వాహనాలు రాత్రంతా, కొన్ని 24 గంటలకు పైగా, రహదారి మీదే నిలిచిపోయాయి. కొద్దిరోజులకే పాకిస్తాన్‌లోని ముర్రీ కొండల్లో హిమం చూడవచ్చిన యాత్రికుల కార్లు చిక్కుకుని, పసిపిల్లలతో సహా 20 మందికి పైగా కార్లలోనే మరణించారు. కొందరిని చలి కాక, కార్బన్ మోనాక్సైడ్ బలిగొని ఉంటుందని అప్పట్లో అధికారులు భావించారు.

చిక్కుకున్నప్పుడు బండిని విడిచి నడవరాదు. కురిసే హిమంలో నాలుగు అడుగుల దూరంలోని బండి కూడా కనబడదు. బండిలో ఉన్నవారిని వెదకి పట్టుకోవడం సులభం. ఇంజను వేసే ముందు వెనుక సైలెన్సరు గొట్టం చుట్టూ ఉన్న హిమాన్ని తీసివేయాలి. గొట్టం మూసుకుపోతే పొగ లోపలికే వస్తుంది. హిమం కురుస్తున్నంతసేపూ అది మళ్ళీ మూసుకుంటుంది కనుక మాటిమాటికీ చూడాలి. ఇంజనును గంటకు 10 నిమిషాలు మాత్రమే వేసి, గాలి తగలని వైపున ఉన్న కిటికీని వేలెడు సందు తెరిచి ఉంచాలి. కాళ్ళు చేతులు ఆడిస్తూ ఉండాలి. అందరూ ఒకేసారి నిద్రపోరాదు. మద్యం చలిని తగ్గించదు. ఒంటి వేడిని త్వరగా బయటికి పంపుతుంది.

ఇంటివద్ద ఉన్నవారి వంతు

ఇంత దూరాన కూర్చుని మేమేమి చేయగలమని తల్లిదండ్రులు అనుకోవచ్చు. చేయగలిగినది ఉన్నది.

శీతాకాలంలో అమెరికా తూర్పు తీరానికి, మనకు పదిన్నర గంటల తేడా. ఉదయం 6 గంటలకు మనం కాఫీ తాగి ‘అబ్బాయి ఎలా ఉన్నాడో’ అని ఫోను అందుకునే వేళకు అక్కడ ముందురోజు రాత్రి ఏడున్నర. చికాగో వైపు అయితే ఆరున్నర. అంటే ఆ పిల్లవాడు చీకట్లో, మంచు రోడ్డు మీద, పని నుండి ఇంటికి బండి నడుపుతూ ఉండే సమయం. అమ్మ ఫోను వస్తే ఎత్తకుండా ఉండలేడు. మన ప్రేమే వాని చూపును రోడ్డు మీద నుండి మరల్చుతుంది. కనుక ‘ఇల్లు చేరాక నీవే చెయ్యి నాయనా’ అని నియమం పెట్టుకోవడం మంచిది. ఎత్తినప్పుడు మొదటి మాటగా ‘బండిలో ఉన్నావా?’ అని అడిగి, ఉన్నానంటే వెంటనే పెట్టివేయాలి.

రెండవది, వెళ్ళవద్దని చెప్పే చనువు. హిమపాత హెచ్చరిక ఉన్న రోజున పండుగ భోజనానికని, గుడికని, స్నేహితుని ఇంటికని బయలుదేరే పిల్లలకు ‘నేడు వద్దు, రేపు వెళ్ళవచ్చు’ అని ఇంటి పెద్దలు చెబితే, నలుగురిలో మాటపోతుందన్న మొహమాటం తీరుతుంది. అమెరికాలో హిమం, మంచుగడ్డ ఉన్న రోడ్ల మీద జరిగే ప్రమాదాలలో ఏటా 1,300 మందికి పైగా మరణిస్తున్నారని ఆ దేశపు రహదారుల శాఖ లెక్క. అందులో ఎన్ని ప్రయాణాలు తప్పనిసరివో ఆలోచించవలసి ఉన్నది.

మూడవది, కొత్తగా వెళ్ళిన వారిని మొదటి హిమం పడగానే ఒక ఖాళీ మైదానంలోనో, బండ్లు లేని పార్కింగు స్థలంలోనో, అనుమతి ఉన్న చోట, అనుభవజ్ఞుని పక్కన కూర్చోబెట్టుకొని సాధన చేయమని చెప్పాలి. అక్కడ ఒకసారి బ్రేకు పట్టి జారి చూసినవారికి, ఈ వ్యాసంలోని లెక్కలు మరి చెప్పనక్కరలేదు.

మన ఊరి బురదలో ఎద్దులను తోలిన తాతలు, దిగుడులో పగ్గం ఎప్పుడు బిగించాలో, ఎప్పుడు వదలాలో తమ పిల్లలకు పక్కన కూర్చుని నేర్పారు. ఇప్పుడు పిల్లలు మనం చూడని దారుల మీద ఉన్నారు. పక్కన కూర్చునే వీలు లేదు. ఈ పేజీని వారికి పంపించండి. చదివామని బదులు వచ్చేదాకా అడగండి. అయితే వారు బండిలో లేని వేళ చూసి అడగండి.